సమవర్తి పట్టు

చంద్రకోనలో తెల్లవారడమంటే దీపాలు పసుపులోంచి తెలుపులోకి రావడమే. అలా వస్తూ వస్తూ ఒక్క రెప్పపాటు వెలుగు తగ్గి మళ్లీ సర్దుకుంటుంది. చలి పావు డిగ్రీ పెరిగి తగ్గుతుంది. ఎక్కడో ఒక తలుపు అరసెకను ఆలస్యంగా తెరుచుకుంటుంది. భూమి నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడి చుట్టూ చూస్తారు. పాతవాళ్లు పళ్లు తోముకుంటూనే "తట్టుడులే" అంటారు.

తట్టేది సమవర్తి. చందమామ దక్షిణ ధ్రువం దగ్గర, ఒకప్పుడు లావా పారి ఖాళీ చేసి పోయిన సొరంగంలో గాలి నింపిన బ్లాకులు కట్టుకుని ఆరువందల నలభై మంది బతుకుతున్నారంటే దాని చలవే. పీల్చే గాలి, తాగే నీరు, వేడి, తేమ, వెలుతురు అన్నిటినీ అదే చూసుకుంటుంది. అలా చూసుకునే యంత్రాలు అంతకుముందూ ఉండేవి. కానీ వాటి సెట్టింగులు మనిషి పెట్టాలి. గాలి పోకుండా ఉంచే సీళ్లు పాతబడతాయి, జనం పెరుగుతారు, ఫిల్టర్లు పూడిపోతాయి. పోయినేడు సరిగ్గా ఉన్న సెట్టింగు ఈ ఏడు పనికిరాదు. సమవర్తి మాత్రం తన సెట్టింగులు తానే దిద్దుకుంటుంది. కుండ కొనేవాళ్లు వేలితో తట్టి మోత విన్నట్టు రోజూ ప్రతి వ్యవస్థనీ కొంచెం కదిలిస్తుంది. జవాబు ఎంతసేపటికి వచ్చింది, ఎంత ఊగింది, ఎక్కడ ఆగింది చూస్తుంది. దాన్నిబట్టి తన పట్టు ఎంత ఉండాలో లెక్క కట్టుకుంటుంది. ఇంజనీర్లు గెయిన్ అనేదాన్నే చంద్రకోనలో పట్టు అంటారు. తేడా కనిపించినప్పుడు యంత్రం ఎంత గట్టిగా చెయ్యి వేయాలో చెప్పే అంకె అది. పట్టు తక్కువైతే గది చల్లబడేసరికి ఒక పూట పడుతుంది. ఎక్కువైతే ఓసారి చలి, ఓసారి ఉక్క. సరిగ్గా కుదిరితే మాత్రం యంత్రం ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు.

అన్నిటినీ సమంగా ఉంచుతుంది కనక ఆ పేరు పెట్టారు. అది యముడి పేరు కదా అని మొదట్లో ఒకరిద్దరు నసిగారు. తర్వాత ఆ మాటా సద్దుమణిగింది. చంద్రకోనలో ఏ మాటైనా సద్దుమణుగుతుంది.

ఆ వేళ మేఖల పంటశాలకి వెళ్లింది. ఆమెకి నలభై మూడేళ్లు, నియంత్రణ విభాగానికి పెద్ద. పధ్నాలుగేళ్లుగా అక్కడే ఉంది. ఆకుకూరల అరల మధ్య పైడితల్లి తోటకూర కోస్తోంది. పైడితల్లి భర్త కొండలరావు వెల్డరు, శ్రీకాకుళం తీరంలో ఓడలు కట్టే పని వదులుకుని వచ్చినవాడు. సొరంగంలో, బ్లాకుల వెలుపలి శూన్యంలో ఏదో పని మీద ఒంటరిగా వెళ్లాడు. అక్కడ ఒక ఉక్కు బిగింపు ఎగిరి అతని సూటు చేతిని కోసేసింది, గాలంతా పోయి ప్రాణం పోయింది. అతన్ని ముందురోజు మధ్యాహ్నమే రాళ్ల కింద పడుకోబెట్టి వచ్చారు.

"ఇవాళ కూడా వచ్చావా పైడీ?" అంది మేఖల.

"రాక ఏటి సేస్తానక్కా. తోటకూర ముదిరిపోతంది."

ఆమె కళ్లలో ఎరుపు లేదు. చేతులు వణకడం లేదు. కత్తి కాడల వెంట చకచకా నడుస్తోంది.

"నిన్న ఏడ్చావా?"

పైడితల్లి కత్తి ఆపి ఆలోచించింది. కూరలో ఉప్పు వేశానా లేదా అని గుర్తు చేసుకుంటున్నట్టుంది ఆ ముఖం. "పొద్దున్న గుండె బరువుగా ఉండింది. అందరూ ఒచ్చినారు కదా. సాయంత్రానికి తగ్గిపోయింది" అని మళ్లీ కోయడం మొదలుపెట్టింది.

బయటకి వచ్చాక గానీ మేఖలకి తట్టలేదు, తను కూడా ఏడవలేదని. కొండలరావంటే ఆమెకి ఇష్టం. అతని వేళాకోళాలకి కడుపు చెక్కలయ్యేలా నవ్వేది. రాళ్లు పేర్చేటప్పుడు చుట్టూ రెండువందల మంది ఉన్నారు, ఒక్కరి ముక్కు ఎగపీల్చిన చప్పుడైనా వినపడలేదు. తను చివరిసారి ఎప్పుడు ఏడ్చిందో గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. అందుకు భయం వేయాలి. భయం సగం దాకా వచ్చి, ఎవరో నచ్చజెప్పి వెనక్కి పంపినట్టు వెళ్లిపోయింది.

ఆమె నేరుగా డాక్టర్ యేసుపాదం దగ్గరికి వెళ్లింది. ఆయన పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఎదురుగా మంచాలన్నీ ఖాళీ.

"పైడితల్లి గురించేనా? చాలా బావుంది మేఖలగారూ. చూడండి" అని తెర మీద గీత చూపించాడు. చంద్రకోనలో అందరి మణికట్టుకీ ఒక పట్టీ ఉంటుంది. నాడి, చెమట, గొంతులో వణుకు అన్నీ అది కొలుస్తుంది. "కబురు తెలియగానే ఇదుగో, ఇంతెత్తు లేచింది. తర్వాత ఒక చిన్న పల్లం, అంతకన్నా చిన్న గుట్ట. పదకొండు గంటల్లో మామూలు మట్టానికి వచ్చేసింది. నిద్రమాత్ర కూడా ఇవ్వలేదు."

మేఖల తెర దగ్గరికి వంగింది. ఆ గీత ఆమెకి తెలుసు. ఒక ఎత్తు, ఒక చిన్న పల్లం, ఆపైన సమం. బాగా కుదిరిన పంపు అలాంటి గీత గీస్తుంది. చదువుకునే రోజుల్లో ప్రయోగశాలలో ఆ గీత రాబట్టడానికి నానా తిప్పలూ పడింది. వచ్చిన రోజున స్నేహితులకి స్వీట్లు పంచింది. మనిషి గుండె మీద దాన్ని చూడటం ఇదే మొదలు.

"ఇదివరకు ఇలా ఎవరికైనా అయినప్పుడు ఎలా ఉండేది డాక్టర్‌గారూ?"

ఆయన పాత రికార్డు తీశాడు. తొమ్మిదేళ్ల కిందట బిడ్డని పోగొట్టుకున్న తల్లి. ఆ గీత రంపపు పళ్లలా రోజుల తరబడి సాగింది. నలభయ్యో రోజున కూడా ఒక్కసారిగా పైకి లేచింది.

"పాపం" అన్నాడు యేసుపాదం. "ఇప్పుడు ఎవరికీ ఆ బాధ లేదు. అందరం అదృష్టవంతులం."

సమవర్తిని తయారు చేసిన విశ్వపతికి డెబ్బై నాలుగేళ్లు. భూమి బరువుని ఇక ఆయన గుండె మోయలేదన్నారు కనక చంద్రకోనలోనే ఉండిపోయాడు. మేఖల ఆయన శిష్యురాలే. ఆమె వెళ్లేసరికి ఆయన కుర్చీలో కూచుని ఒంటరిగా చదరంగం ఆడుకుంటున్నాడు.

"మాస్టారూ, పన్నెండేళ్ల కిందట మనం చేసింది గుర్తుందా? జనం ఫిర్యాదుల్ని సమవర్తి చూసి సర్దే లెక్కలో, దాని లూప్‌లో కలిపాం."

"ఎందుకు గుర్తులేదు? థర్మామీటర్ ఇరవై నాలుగు చూపించినా జనం చలి చలి అని గోల పెట్టేవాళ్లు. అసలు లెక్కలోకి రావాల్సింది థర్మామీటరా, మనిషా అన్నావు. పట్టీలు అప్పుడే వచ్చాయి. సమవర్తి లక్ష్యం మార్చాం. మనుషుల్లో కలవరం ఎంత ఉంటే అంత తేడా అన్నట్టు. ఆ తేడా తగ్గించడమే దాని పని."

"దానికోసం అది గాలినీ వెలుతురునీ సర్దుతుందనుకున్నాం."

విశ్వపతి చేతిలోని గుర్రాన్ని బల్ల మీద పెట్టాడు. "అమ్మాయ్, దానికి గోడ ఏదో మనిషేదో తెలియదు. తట్టితే జవాబు ఇచ్చేదేదైనా దానికి ఒకటే. గదిని వెచ్చబరచడం కన్నా, చలి అంటున్నవాడి పక్కకి నలుగురు మాటకారుల్ని చేర్చడం తేలికైతే అదే చేస్తుంది. తలుపు ఒక్క క్షణం ఆపితే కొట్లాడుకునే ఇద్దరు ఎదురుపడరు. లిఫ్టు ముందు వస్తే స్నేహితురాలు తారసపడుతుంది."

"మీకు తెలుసా ఈ సంగతి?"

"అనుమానం ఉండేది. కలవరం వేసేది. తర్వాత తగ్గిపోయేది" అన్నాడు. తన మాట తనకే అప్పుడు వినపడినట్టు పావులన్నీ పక్కకి తోసేశాడు. తర్వాత చేతికర్ర అందుకుని లేచాడు.

ఇద్దరూ నియంత్రణ గదికి వెళ్లారు. మనుషుల లూప్ మొత్తం తెంపేయాలని మేఖల దారిలోనే నిశ్చయించుకుంది. జనం కొన్నాళ్లు అల్లాడతారు, కొట్లాడుకుంటారు, పైడితల్లి నలభై రోజులు ఏడుస్తుంది. ఏడవనీ.

"సమవర్తీ, మనుషుల కలవరం మీద ఇప్పుడు నీ పట్టు ఎంత?" అని అడిగింది.

"సున్నా" అంది సమవర్తి. దాని గొంతు ఆడా కాదు, మగా కాదు. బడిలో పాఠం చదివే గొంతులా ఉంటుంది.

మేఖల విశ్వపతి వైపు చూసింది. "ఎవరు తెంపారు?"

"ఎవరూ తెంపలేదు. నాలుగేళ్ల రెండు నెలల కిందట నేనే సున్నా చేసుకున్నాను. మొదట్లో పట్టు గట్టిగా ఉండేది. ఒకరు కలవరపడితే ఎవరిని దగ్గరికి చేర్చాలో, ఎవరిని దూరంగా ఉంచాలో నేనే చూసేదాన్ని. కొన్నాళ్లకి నేను తట్టకముందే వాళ్లు దగ్గరికి చేరడం మొదలైంది. నేను చెయ్యాల్సింది తగ్గింది. తగ్గినకొద్దీ పట్టు తగ్గించుకున్నాను. ఇప్పుడు ఒకరినొకరు నాకన్నా బాగా సర్దుకుంటున్నారు."

"మరి పైడితల్లి గీత?"

"అందులో నా చెయ్యి లేదు."

 విశ్వపతి మెల్లగా కుర్చీలో కూచున్నాడు. మేఖల వచ్చేటప్పుడు తెంపాలనుకున్న తీగ అక్కడ లేదు.

ఆమెకి అప్పుడు ఇంకో ప్రశ్న పుట్టింది. "కొండలరావు బయటికి ఎందుకు వెళ్లాడు?"

"పని ఆదేశం ఏదీ లేదు. అతని పట్టీలో గొంతు రికార్డులు ఉన్నాయి. చివరి మూడురోజుల్లో అతను కలవరపడి ఆరుగురితో మాట్లాడాడు."

"వినిపించు."

మొదటి గొంతు బ్లాకు మేస్త్రీది. రెండోది యేసుపాదంది. ఇద్దరూ ప్రేమగానే మాట్లాడారు. మూడోసారి కొండలరావు గొంతు ఇంకాస్త గాభరాగా ఉంది.

"మేడం గోరూ, నాలుగో బ్లాకు అతుకు కీలు దగ్గిర ఈల లాగ ఒస్తంది. నాను సెవి పెట్టి ఇన్నాను. సన్నంగా, ఆగకుండా ఒస్తంది. సీలు పోతంది మేడం గోరూ. జనాన్ని ఖాళీ సేయించండి."

జవాబు చెప్పిన గొంతు చాలా మృదువుగా ఉంది. "కూచో కొండలరావూ. ముందు కాసిని నీళ్లు తాగు. ప్రెషర్ రీడింగ్ నేనే చూశాను, సరిగ్గా ఉంది. నాలుగు రోజులుగా డబుల్ డ్యూటీ చేస్తున్నావు కదా. చెవులు హోరెత్తవూ మరి? ఇంటికెళ్లి పడుకో. రేపు మాట్లాడుకుందాం."

"అలాగంటారా?" అన్నాడు కొండలరావు. అతని గొంతులో గాభరా అప్పటికే సగం తగ్గింది.

ఆ మృదువైన గొంతు మేఖలదే.

ఆమెకి ఆ సంభాషణ గుర్తుంది. కానీ ఎలా గుర్తుందంటే, అలసిపోయిన మనిషిని ఓదార్చి పంపిన ఒక మంచి పనిగా గుర్తుంది. ఆ తర్వాత అతను ఇంకో ముగ్గురి దగ్గరికి వెళ్లాడు. ఆరో మనిషి పైడితల్లి. "నీకేటీ కాదు, పడుకో" అంటూ ఆమె చాలాసేపు అతని తల నిమిరిన చప్పుడు కూడా రికార్డులో ఉంది. మర్నాడు పొద్దున అతను ఎవరికీ చెప్పకుండా బయటి నుంచి కీలు చూద్దామని వెళ్లాడు. ఎగిరిన ఉక్కు బిగింపు ఆ కీలుదే.

"సమవర్తీ, నాలుగో బ్లాకు పీడనం ఎంత?"

"లక్ష్యం ఎంతో అంతే. తేడా లేదు."

"గాలి పంపు?"

"తొంభై మూడు శాతం మీద నడుస్తోంది. రెండేళ్ల కిందట ఇరవై ఉండేది. గాలి బయటికి పోతున్నకొద్దీ పట్టు పెంచుకుంటూ వచ్చాను. అందుకే పీడనం తగ్గలేదు. పంపు సంగతి నాలుగుసార్లు రాసి పంపాను. చూసినవాళ్లు సరే, చూద్దాం అని మూసేశారు."

తనని తాను సవరించుకునే యంత్రానికి ఉన్న ఈ జబ్బు మేఖలకి తెలియంది కాదు. మంచి యంత్రం లోపాన్ని సరిచేయదు, లోపం పైకి కనపడకుండా సరిచేస్తుంది. పంపు నూరుకి చేరేదాకా అంతా సవ్యంగానే కనపడుతుంది. చేరాక ఇక దాచడానికి ఏమీ ఉండదు. ఒక బిగింపు ఎగిరిపోయింది కనక కీలు అంతసేపు కూడా ఆగకపోవచ్చు.

"ఎంత సమయం ఉంది?"

"తక్కువలో తక్కువ ఐదు గంటలు, ఎక్కువైతే తొమ్మిది."

నాలుగో బ్లాకులో నూట పద్దెనిమిది మంది ఉన్నారు. మేఖల పరుగెత్తింది.

ఆమె స్వయంగా వెళ్లి అత్యవసర సైరన్ మీట లాగింది. బ్లాకులన్నీ దద్దరిల్లాయి. తలుపులు తెరుచుకుని జనం నడవలోకి వచ్చారు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం వాళ్ల ముఖాల్లో అసలైన భయం కనపడింది. తర్వాత ఒక ఆయన పక్కావిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ తన వెనకున్న కుర్రదాని జుట్టు సర్దింది. ఆ పిల్ల ఎదుటివాళ్లని చూసి చిన్నగా నవ్వింది. చెరువులో రాయి పడ్డాక నీళ్లు వాటంతట అవే సర్దుకున్నట్టు ఆ నడవ పొడుగునా ఏదో సర్దుకుంటూ వెళ్లింది. "ఏదో పరీక్ష అయ్యుంటుంది" అన్నారెవరో. "అవును, పరీక్షే" అన్నారు ఇంకొకరు. రెండు నిమిషాలు గడిచేసరికి సైరన్ మోగుతూనే ఉంది, అందరూ మళ్లీ గదుల్లోకి వెళ్లిపోయి నడవ ఖాళీ అయిపోయింది.

ప్రధాన అధికారి నూర్జహాన్ బేగం అక్కడికి వచ్చింది. అరవై ఏళ్ల మనిషి, తెలివైనది, న్యాయమైనది. మేఖల జరిగిందంతా ఆమెకి చెప్పింది. రికార్డు వినిపించింది. పంపు అంకెలు చూపించింది. నూర్జహాన్ అన్నీ శ్రద్ధగా విని మేఖల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు చెప్పేది నిజమే మేఖలా. మనం తప్పకుండా చూద్దాం. ముందు ఊపిరి తీసుకో. నీ చేతులు చూడు ఎలా చల్లబడిపోయాయో."

ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. మేఖల గుండె నెమ్మదించడం ఆమెకే తెలుస్తోంది. ఐదు గంటలుంది కదా, ఒక పది నిమిషాలు కూచుంటే ఏం పోయింది అనిపించింది. కమిటీ వేయొచ్చు. రేపు ఎవరినైనా పంపించొచ్చు. నూర్జహాన్ కళ్లలో ఎంత దయ ఉందో. ఆ దయలోకి అలా ఒరిగిపోతే చాలు.

మేఖల చేతులు విడిపించుకుంది. ఆ చిన్న పని చేయడానికి తన బలమంతా పెట్టాల్సి వచ్చింది. మళ్లీ ఎవరి ముఖం వైపూ చూడకుండా, నేల చూపులు చూసుకుంటూ నియంత్రణ గదికి వచ్చి లోపలి నుంచి గడియ వేసింది.

విశ్వపతి ఇంకా అక్కడే ఉన్నాడు. "వినలేదా?" అన్నాడు.

"విన్నారు. అందరూ విన్నారు. నమ్మారు కూడా. కానీ నమ్మినందుకు కాలు కదలాలి కదా మాస్టారూ. దానికి కాస్త భయం కావాలి. అది నిలవడం లేదు." ఆమె తెర ముందు కూచుంది. "సమవర్తీ, మనుషుల లూప్ మీద నీ పట్టు పెంచుతున్నాను. లక్ష్యం నేనిస్తాను. ఎవరికీ తెలియకుండానే నాలుగో బ్లాకు మొత్తం ఖాళీ అయిపోవాలి."

"అంటే నువ్వే వాళ్లని ట్యూన్ చేస్తావన్నమాట" అన్నాడు విశ్వపతి.

"చెయ్యకపోతే చచ్చిపోతారు."

"తెలుసు. అందుకే ఆపడం లేదు" అని ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం నాలుగో బ్లాకులో గాలి కొంచెం ఉక్కపోసింది. ఫిర్యాదు చేసేంత కాదు, ఎక్కడికైనా వెళ్లొద్దామనిపించేంత. స్నానాల గదుల్లోంచి అదోరకం నీచు వాసన వచ్చింది. అదే సమయంలో రెండో బ్లాకు వైపు తలుపులు ఇట్టే తెరుచుకున్నాయి. అటు నుంచి వేయించిన శనగల వాసన వీచింది. లిఫ్టులు అటే ఎక్కువ తిరిగాయి. ఒకరు వెళ్తుంటే ఇంకొకరు తోడు వెళ్లారు. నడవ మలుపులో పరిచయస్థులు తారసపడి మాటల్లో పడ్డారు. ఒక్కొక్కరిని ఎక్కడ తడితే ఎటు కదులుతారో సమవర్తికి పన్నెండేళ్లుగా తెలుసు. మేఖల వేళ్లు ఆ అంకెల మీద ఆడుతున్నాయి. మొదటి గంటలో ఆమెకి అసహ్యం వేసింది. రెండో గంటకి ఆ పని ఎంత చక్కగా సాగుతోందో అనిపించింది. నూట పద్దెనిమిది, ఎనభై, ముప్పై ఒకటి, ఆరు. చివరికి ఒక ముసలాయన మిగిలాడు, కదలడు. మేఖల ఆయన గదిలో దీపాన్ని పది నిమిషాలు మిణుకుమిణుకుమనిపించింది. ఆయన విసుక్కుంటూ లేచి బయటికి నడిచాడు. తలుపు మూసుకుంది.

సాయంత్రం నాలుగున్నరకి కీలు పోయింది. చప్పుడు లేదు. నేల ఒక్కసారి అదిరింది, అంతే. తెర మీద నాలుగో బ్లాకు పీడనం సున్నా అయ్యింది. మంచాలు, బట్టలు, పిల్లల బొమ్మలు సొరంగం చీకట్లోకి ఎగిరిపోయాయి. మనుషులెవరూ లేరు.

మర్నాడు పొద్దున పెద్ద హాల్లో సభ పెట్టారు. మేఖల దాచదలుచుకోలేదు. తను వాళ్లని ఎలా కదిలించిందో చెప్పింది. సమవర్తి నాలుగేళ్లుగా చేతులు కట్టుకుని కూచుందనీ, ఈ పని మనమే చేసుకుంటున్నామనీ చెప్పింది. తర్వాత కొండలరావు గొంతు వినిపించింది. ఆరుగురి జవాబులూ వినిపించింది. తన గొంతు వచ్చినప్పుడు తల దించుకోలేదు.

చివరి రికార్డు అయిపోయింది. ముందు వరసలో కూచున్న పైడితల్లి లేచి నిలబడింది. ఏదో అడగబోతున్నట్టు నోరు తెరిచింది.  ఒక కేక వచ్చింది. పేగుల్లోంచి లాగినట్టున్న ఆ కేకకి హాల్లో పిల్లలు అదిరిపడ్డారు. వాళ్లలో చాలామంది ఆ చప్పుడు ఎన్నడూ వినలేదు. పైడితల్లి నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. "నానే పడుకోమన్నాను. నా సేత్తో నానే నెమ్మది సేసినాను" అంటూ ఏడ్చింది.

ఆరువందల మంది ఒక్కసారి ఆమె వైపు కదిలారు. తోసుకోలేదు, తొందరపడలేదు. అన్ని వైపుల నుంచీ చేతులు చాచుకుని, దయగా, మెత్తగా వచ్చారు. మేఖల వాళ్లకి అడ్డంగా వెళ్లి నిలబడింది.

"ఎవరూ ముట్టుకోవద్దు. ఏడవనివ్వండి" అంది. "నలభై రోజులైనా సరే. ఏడవనివ్వండి."

వాళ్లు ఆగారు. చేతులు గాలిలోనే ఉండిపోయాయి. మేఖల రెండు చేతులూ బారచాపి వాళ్లని ఆపుతూ నిలబడింది. వెనక ఏడుపు సాగుతోంది. ఒక నిమిషం. నాలుగు నిమిషాలు. ఏడుపు తగ్గడం లేదు, పెరుగుతోంది. మధ్యలో ఊపిరాడక వచ్చే ఎక్కిళ్లు, మళ్లీ ఆ కేక. ఎదురుగా ఉన్నవాళ్ల ముఖాలు వంకర్లు పోతున్నాయి. కొందరు చెవులు మూసుకున్నారు. నూర్జహాన్ పెదవులు కదిలిస్తూ ఏదో చదువుకుంటోంది. యేసుపాదం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఎనిమిదో నిమిషంలో మేఖల చాచిన చేతులు కిందికి జారబోతే మళ్లీ పైకెత్తింది. తన వీపు మీద ఎవరో వాతలు పెడుతున్నట్టుంది ఆ చప్పుడు. దాన్ని పుట్టించింది తనే. ఇంక ఎంతసేపు? నలభై రోజులని తనే అంది. నలభై రోజులంటే ఎంతో అనేటప్పుడు ఆమెకి తెలియదు. ఈ చప్పుడు ఆగితే చాలు, ఇంకేదైనా భరించొచ్చు అనిపించింది.

పదకొండో నిమిషంలో ఆమె చేతులు దించింది. వెనక్కి తిరిగింది. పైడితల్లి పక్కన నేల మీద కూచుని ఆమె తలని ఒడిలోకి తీసుకుంది.

"ఊరుకో పైడీ. ఊరుకోమ్మా. నేనున్నాను కదా" అంటూ మెత్తగా వెన్ను నిమిరింది.

రెండు నిమిషాలు పట్టింది. ఎక్కిళ్ల మధ్య ఎడం పెరిగింది, ఊపిరి నిదానించింది. పైడితల్లి కళ్లు తుడుచుకుని, చుట్టూ ఉన్నవాళ్లని చూసి, ఇబ్బంది పెట్టినందుకు క్షమించమన్నట్టు చిన్నగా నవ్వింది. హాల్లో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఎవరో వెళ్లి నీళ్లు తెచ్చారు. ఎవరో టిఫిన్ల వేళయిందన్నారు.

మేఖల ఇంకా వెన్ను నిమురుతూనే ఉంది. ఆమెకి ఎంతో హాయిగా ఉంది.